పెరట్లో మిల్క్‌వీడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మోనార్క్ అనే నారింజ రంగు అమెరికా సీతాకోకచిలుక పిల్లలకు మేత మిల్క్‌వీడ్ మొక్క. ఇల్లినాయ్‌లో మా పెరటి కంచె పక్కన ఏడేళ్లుగా అందులో కామన్ మిల్క్‌వీడ్ అనే రకాన్ని పెంచుతున్నాను. జూన్ వచ్చిందంటే తెలుగు స్నేహితుల ఫోన్లు మొదలవుతాయి. ఒకరికి గింజలు మొలవలేదని బెంగ, ఇంకొకరికి కాడల నిండా పసుపు పురుగులు పట్టాయని టెన్షన్, మరొకరికి కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం. విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. అమెరికా, కెనడాల తూర్పు, మధ్య ప్రాంతాల్లో ఉన్నవాళ్లకు ఇవి నేరుగా పనికొస్తాయి. మిగతా చోట్ల ఏం తేడా వస్తుందో ఆయా ప్రశ్నల కిందే రాశాను.

ఇది మన జిల్లేడేనా?

కాదు, కానీ దగ్గరి చుట్టం. గన్నేరు, నందివర్ధనం, సుగంధిపాల, జిల్లేడు, మిల్క్‌వీడ్ అన్నీ ఒకే కుటుంబం. ఆకు తుంచితే పాలు కారడం, మందపాటి ఆకులు ఎదురెదురుగా రావడం, కాయ పగిలితే పట్టులాంటి దూది పట్టుకుని గింజలు ఎగిరిపోవడం రెండింటికీ ఉన్నాయి. పల్లెలో పెరిగినవాళ్లు మొదటిసారి చూడగానే పోల్చుకుంటారు. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆకు వెనక్కి తిప్పి, మెత్తటి నూగును బొటనవేలితో రాసి చూసి, "వినాయక చవితి పత్రిలోకి అర్కపత్రం ఉన్నట్టేనా?" అని అడిగారు.

తేడా ఏమిటంటే, జిల్లేడు ఏళ్ల తరబడి నిలిచే పొద. మిల్క్‌వీడ్ ప్రతి చలికాలం నేలమట్టం దాకా ఎండిపోయి, వసంతంలో వేరు నుంచి మళ్లీ లేస్తుంది.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. మన ఊళ్లలో జిల్లేడు మీద వాలే నారింజ రంగు సీతాకోకచిలుక, రెక్కల కొసల్లో నలుపు మీద తెల్లచుక్కలు ఉండేది, ప్లెయిన్ టైగర్. అది మోనార్క్‌కు దాయాది. దాని పిల్లలు జిల్లేడు ఆకు తిని పెరుగుతాయి, మోనార్క్ పిల్లలు మిల్క్‌వీడ్ ఆకు తిని పెరుగుతాయి. హవాయిలో ఈ రెండు కథలూ కలిసిపోయాయి. అక్కడికి చేరిన మన జిల్లేడు చెట్ల మీదే అక్కడి మోనార్క్‌లు బతుకుతున్నాయి.

రథసప్తమికి దీని ఆకులు వాడొచ్చా?

శాస్త్రం సంగతి పెద్దవాళ్లను అడగండి. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో అయితే రథసప్తమి నాటికి మొక్క మంచు కింద ఉంటుంది, ఒక్క ఆకూ దొరకదు.

శాస్త్రీయ నామంలో (అస్క్లేపియస్ సిరియాకా) సిరియా ఎందుకుంది? అక్కడి నుంచి వచ్చిందా?

లేదు. ఇది నూటికి నూరుపాళ్లు ఉత్తర అమెరికా మొక్క. రాకీ పర్వతాలకు తూర్పున, కెనడాలోని సస్కాచెవాన్, న్యూ బ్రన్స్‌విక్ మొదలు దక్షిణాన జార్జియా దాకా దీని సొంత నేల. 17వ శతాబ్దంలో ఒక ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త దీన్ని తూర్పు మధ్యధరా ప్రాంతపు మొక్కతో పొరబడి సిరియా పేరు తగిలించాడు. 1753లో లిన్నేయస్ అదే పేరును ఖాయం చేసి అస్క్లేపియస్ సిరియాకా అన్నాడు. పేరు తప్పయినా, నామకరణ నియమాల ప్రకారం అదే నిలిచిపోయింది. మొదటి సగం గ్రీకుల వైద్యదేవుడి పేరు.

పేరులోనే 'వీడ్' ఉంది కదా. కలుపు మొక్కని డబ్బులిచ్చి నాటడం ఏమిటి?

నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. మొక్కజొన్న, సోయా వేసే రైతు కంటికి ఇది కలుపే, ఆయన్ని తప్పు పట్టలేం. పొలం దున్నితే తెగిన వేరు ముక్క కూడా మళ్లీ మొలుస్తుంది. పశువులు మేస్తే ప్రమాదం. కానీ కలుపు అనేది మొక్క జాతి కాదు, అది ఉన్న చోటును బట్టి మనం పెట్టే పేరు. మన దగ్గర గరికను పొలంలో పీకి పారేస్తారు, చవితి నాడు అదే గరికను వెతికి తెచ్చి వినాయకుడికి పెడతారు.

ఈ నేల మీద ఎవరూ నాటకముందే, వేల ఏళ్లుగా, పచ్చిక మైదానాల్లో పెరిగిన అడవి పువ్వు ఇది. ఇల్లినాయ్ రాష్ట్రం మిల్క్‌వీడ్‌ను తన అధికారిక వైల్డ్‌ఫ్లవర్‌గా ప్రకటించింది. కెనడాలోని ఒంటారియో 2014లో దీన్ని హానికర కలుపు మొక్కల జాబితా నుంచి తీసేసి, డాగ్-స్ట్రాంగ్లింగ్ వైన్ అనే పరాయి తీగను అందులో చేర్చింది. ఆ తీగ కూడా ఈ కుటుంబానిదే. మోనార్క్ పొరబడి దాని మీద గుడ్లు పెడుతుంది, పొదిగిన పిల్లలు బతకవు.

చూసి ఎలా గుర్తుపట్టాలి?

మూడు నుంచి ఐదు అడుగుల నిటారు కాడ, సాధారణంగా కొమ్మలు ఉండవు. జానెడు పొడుగు కోలాకారపు ఆకులు, కింది వైపు నూగు. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా గులాబీ, ఊదా కలిసిన రంగులో చిన్న పూలు బంతిలా గుత్తులు కడతాయి. వాసన చాలా బాగుంటుంది. సాయంత్రం తలుపు తీస్తే వంటింట్లోకి వస్తుంది. కాయ మీద మెత్తటి బుడిపెలు ఉంటాయి.

దీనితో పొరబడేది డాగ్‌బేన్. అదీ పాలు కారుతుంది, లేత మొలక అచ్చం ఇలాగే ఉంటుంది. కానీ దాని కాడ సన్నగా, ఎర్రగా, పైకి వెళ్లేకొద్దీ కొమ్మలు వేస్తుంది. పూలు తెల్లగా చిన్నవి, కాయలు సన్నటి చిక్కుడులా వేలాడతాయి.

మోనార్క్‌కి ఇంకే ఆకూ పనికిరాదా? ఎందుకంత పట్టుదల?

రెక్కలొచ్చిన సీతాకోకచిలుక ఏ పూల తేనైనా తాగుతుంది. దాని పిల్లకు మాత్రం మిల్క్‌వీడ్ జాతుల ఆకు తప్ప వేరేది పనికిరాదు. అందుకే తల్లి వాలిన ప్రతి ఆకునూ ముందు కాళ్లతో తట్టి రుచి చూసుకుని, ఆకు అడుగున ఒక్కొక్క గుడ్డే అంటిస్తుంది. గుడ్డు ఆవగింజ కంటే చిన్నది, లేత మీగడ రంగు.

ఈ మొక్క పాలల్లో గుండె కొట్టుకోవడాన్ని దెబ్బతీసే విషం ఉంటుంది. జంతువుల కణాల్లో సోడియం, పొటాషియం అటూ ఇటూ మార్చే పంపు లాంటి ప్రోటీన్ ఒకటి ఉంది. ఆ విషం దానికి అతుక్కుని పని ఆపేస్తుంది. మోనార్క్‌లో ఆ ప్రోటీన్ రూపం కొద్దిగా మారిపోయింది, విషం దానికి సరిగ్గా అతుక్కోదు. పైగా పురుగు ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలొచ్చాక కూడా అది ఒంట్లోనే ఉంటుంది. లింకన్ బ్రోవర్ అనే శాస్త్రవేత్త 1960లలో బ్లూ జే పిట్టలకు మోనార్క్‌లను పెట్టి చూశారు. తిన్న పిట్ట కాసేపటికి కక్కేసింది. ఆ తర్వాత ఆ నారింజ రెక్కలు చూస్తేనే ముట్టలేదు.

అయితే మొక్క కూడా ఊరికే లొంగదు. పాలు విషమే కాదు, జిగురు కూడా. అప్పుడే పొదిగిన పిల్ల నోటికి అంటుకుంటే అది అక్కడే చచ్చిపోవచ్చు. ఆ చిన్న ప్రాణి చేసే పని చూశాక నాకు ఈ మొక్క మీద, ఆ పురుగు మీద ఒకేసారి గౌరవం పెరిగింది. పిల్ల పురుగు ముందు గుండ్రంగా ఒక గాడి కొరికి, పాలు కారిపోయాక లోపలి భాగం తింటుంది. పెద్దయ్యాక ఆకు తొడిమ దగ్గర ఈనెను సగం కొరికి పాల దారి మూసేస్తుంది, ఆకు వాలిపోతుంది, అప్పుడు నెమ్మదిగా కొస నుంచి తింటుంది. మీ మొక్కలో ఒక ఆకు మెడ విరిగినట్టు వేలాడుతుంటే దాని అడుగున చూడండి. పసుపు, తెలుపు, నలుపు చారల పురుగు దొరుకుతుంది. దీన్ని గొంగళిపురుగు అంటున్నాం గానీ ఒంటి మీద నూగు ఉండదు, ముట్టుకుంటే దురద రాదు.

గుడ్డు పొదగడానికి మూడు నుంచి ఐదు రోజులు, పురుగుగా సుమారు రెండు వారాలు, గూటిలో మరో రెండు వారాలు. పురుగుగా ఉన్నన్నాళ్లూ దాని బరువు సుమారు రెండు వేల రెట్లు పెరుగుతుంది. ఆ బరువంతా మీ మొక్క ఆకుల నుంచే.

నేను నాలుగు మొక్కలు పెడితే ఏం ఒరుగుతుంది?

ఆగస్టు చివర, సెప్టెంబరులో పుట్టే మోనార్క్‌లు మిగతా తరాల్లాంటివి కావు. వేసవిలో పుట్టినవి రెండు నుంచి ఆరు వారాలు బతుకుతాయి. ఈ చివరి తరం ఎనిమిది నెలల దాకా బతుకుతుంది. వెంటనే గుడ్లు పెట్టదు, దక్షిణానికి బయలుదేరుతుంది. కెనడా నుంచి, మా ఇల్లినాయ్ నుంచి, ఒహాయో నుంచి బయలుదేరినవి మెక్సికోలోని మిచోఆకాన్, మెక్సికో రాష్ట్రాల సరిహద్దు కొండలకు చేరతాయి. దూరం నుంచి వచ్చేవి 4,000 కిలోమీటర్ల పైనే ఎగురుతాయి. సుమారు 3,000 మీటర్ల ఎత్తున, ఒయామెల్ అనే ఫర్ చెట్ల కొమ్మలు వంగిపోయేంతగా గుంపులు కట్టి చలికాలం గడుపుతాయి. దారి చూపడానికి తల్లి లేదు, తండ్రి లేడు. అంతకుముందు వెళ్లొచ్చిన తరం ఎప్పుడో పోయింది. నవంబరు మొదట్లో, చనిపోయిన పెద్దల్ని తలుచుకునే పండుగ రోజుల్లో ఇవి చేరుకుంటాయి కాబట్టి, పితృదేవతలే తిరిగొస్తున్నారని అక్కడివాళ్లు నమ్ముతారు. అక్కడి పల్లెలవాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిన ఈ చోటు సంగతి బయటి శాస్త్రవేత్తలకు 1975 జనవరిలో గానీ తెలియలేదు. 2008లో ఆ అడవి ప్రపంచ వారసత్వ ప్రదేశం అయింది.

అవి ఎన్ని ఉన్నాయో ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేరు. అవి కప్పిన అడవి విస్తీర్ణాన్ని కొలుస్తారు. 1996–97 చలికాలంలో అది సుమారు 18 హెక్టార్లు, అంటే 45 ఎకరాలు. 2013–14లో 0.67 హెక్టారు, రెండెకరాలు కూడా లేదు. 2023–24లో 0.9 హెక్టారు. 2024–25లో కాస్త కోలుకుని 1.79 హెక్టార్లయింది, నాలుగున్నర ఎకరాల లోపే. ఒక ఖండంలో సగభాగపు సీతాకోకచిలుకలన్నీ మన ఊళ్లో ఒక చిన్న రైతు పొలమంత చోటులో ఇమిడిపోయాయి.

కారణాలు చాలా ఉన్నాయి. ఆ కొండల మీద చెట్ల నరికివేత, వాతావరణంలో మార్పు, దారిలో పూలు లేకపోవడం. కానీ మన చేతికి అందేది మిల్క్‌వీడ్. 1996 నుంచి గ్లైఫోసేట్ అనే కలుపు మందును తట్టుకునే సోయా, తర్వాత మొక్కజొన్న వచ్చాయి. అంతకుముందు పంట వరుసల మధ్య మిగిలిపోయే మిల్క్‌వీడ్ ఆ కలుపు మందుతో పూర్తిగా పోయింది. 1999 నుంచి 2010 మధ్య మిడ్‌వెస్ట్‌లో, అంటే అమెరికా ఉత్తర మధ్య రాష్ట్రాల్లో, మిల్క్‌వీడ్ 58 శాతం తగ్గిందని ఒక అంచనా. పోయినదాన్ని పూడ్చాలంటే అమెరికాలో మరో 180 కోట్ల కాడలు కావాలని శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. అవన్నీ పొలాల్లో మళ్లీ రావు. రోడ్డు పక్కన, స్కూలు ఆవరణలో, గుడి పార్కింగ్ అంచున, మీ ఇంటి కంచె పక్కన రావాలి. టెక్సాస్ నుంచి మిన్నెసోటా దాకా వెళ్లే ఐ-35 రహదారి పొడవునా ఇలాంటి పూలు పెంచడానికి 2016లో ఆరు రాష్ట్రాల రవాణా శాఖలు ఒప్పందం చేసుకున్నాయి. మా నాలుగు మొక్కలు ఏడేళ్లలో ముప్పై కాడలు దాటాయి.

ఏ రాష్ట్రంలో ఏ రకం పెట్టాలి?

మిడ్‌వెస్ట్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా, ఒంటారియోల్లో ఉన్నవాళ్లకు కామన్ మిల్క్‌వీడ్ సరైనది. నేల తడిగా ఉంటే స్వాంప్ మిల్క్‌వీడ్ పెట్టండి. చోటు తక్కువైతే నారింజ పూల బటర్‌ఫ్లై వీడ్ ఒకటిన్నర, రెండు అడుగుల్లో ఉంటుంది, పిలకలు వేయదు.

డాలస్, ఆస్టిన్‌లలో ఉన్నవాళ్లు దయచేసి ఇక్కడి గింజలు తెప్పించుకోకండి. మీ నేలకు యాంటెలోప్‌హార్న్స్ అనే రకాలు ఉన్నాయి. మార్చిలో మెక్సికో నుంచి అలసిపోయి వచ్చే మోనార్క్‌లు మొదటి గుడ్లు పెట్టేది టెక్సాస్ చుట్టుపక్కలే, కాబట్టి మీ పెరడు మా పెరడు కంటే ముందు వరసలో ఉంది. పశ్చిమ రాష్ట్రాల్లో షోయీ మిల్క్‌వీడ్, నారో-లీఫ్ మిల్క్‌వీడ్ స్థానికం. కాలిఫోర్నియాలో కామన్ మిల్క్‌వీడ్ వద్దు.

నర్సరీలో ఎర్ర, పసుపు పూల మిల్క్‌వీడ్ చవగ్గా దొరికింది. అది పెట్టొచ్చా?

అది ట్రాపికల్ మిల్క్‌వీడ్, అస్క్లేపియస్ కురస్సావికా. మెక్సికో, మధ్య, దక్షిణ అమెరికాల మొక్క. మన దేశంలో కూడా తోటల నుంచి బయటపడి పెరుగుతోంది. ఫ్లోరిడా, హ్యూస్టన్ లాంటి వెచ్చని చోట్ల ఇది చలికాలంలో చావదు. దాంతో మోనార్క్‌లు ప్రయాణం మానేసి అక్కడే గుడ్లు పెడుతూ ఉండిపోతాయి. వాటికి పట్టే ఒక సూక్ష్మ పరాన్నజీవి ఆకుల మీద పేరుకుంటూ పోతుంది. అది సోకిన పురుగు గూటిలోంచి ముడుచుకుపోయిన రెక్కలతో వస్తుంది. ఒకసారి చూస్తే మర్చిపోలేరు. ఇప్పటికే ఉంటే అక్టోబరులో నేలదాకా కోసేసి, చలికాలమంతా చిగురు రానివ్వకండి. కొత్తగా మాత్రం కొనకండి.

ఏ మిల్క్‌వీడ్ కొన్నా, నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందు వాడారా అని నర్సరీలో అడగండి. ఆ మందు ఆకులోకీ పాలల్లోకీ ఎక్కుతుంది, తిన్న పురుగు చచ్చిపోతుంది. వాళ్లకు తెలియకపోతే వేరే చోట చూడండి.

వసంతంలో గింజలు చల్లాను, ఒక్కటీ మొలవలేదు. గింజలు పాడైనవా?

పాడైనవి కావు, నిద్రలో ఉన్నాయి. చలికాలం గడిచిందని గింజకు తెలియాలి. అందుకు అన్నిటికంటే తేలిక మార్గం అక్టోబరు, నవంబరుల్లో నేరుగా నేలలో వేయడం. కలుపు తీసి, మట్టి గుల్లచేసి, గింజ మీద పావు అంగుళం మట్టి కప్పి నొక్కండి. మంచు మిగతాది చూసుకుంటుంది.

వసంతంలోనే వేయాలంటే తడిపి పిండిన పేపర్ టవల్‌లో గింజలు చుట్టి, జిప్ కవర్లో పెట్టి, ఫ్రిజ్‌లో ఆరు వారాలు ఉంచండి. ఫ్రీజర్ కాదు. కవరు మీద పేరు, తేదీ రాయండి, మా ఇంట్లో ఒకసారి మెంతులనుకుని బయట పడేశారు. నేల వెచ్చబడ్డాక, మంచు భయం పోయాక విత్తండి.

మొదటి ఏడాది మొక్క మోకాలి ఎత్తు కూడా రాదు, పూయదు. ఆ ఏడాదంతా వేరు పనిలో ఉంటుంది. రెండో ఏడాదో మూడో ఏడాదో పూస్తుంది. చాలామంది ఈ దశలోనే విసిగి పీకేస్తారు, అది నాకు బాధగా ఉంటుంది.

కుండీలో పెంచొచ్చా?

కామన్ మిల్క్‌వీడ్ వేరు లోతుకు దిగుతుంది, అడ్డంగా పాకుతుంది, కుండీలో సుఖపడదు. అపార్ట్‌మెంట్ బాల్కనీ అయితే పెద్ద కుండీలో స్వాంప్ మిల్క్‌వీడ్ పెట్టండి.

పెరడంతా ఆక్రమిస్తుందని భయం. నిజమేనా?

పాకుతుంది, దాచను. నేల లోపల వేరు అడ్డంగా వెళ్లి రెండు మూడు అడుగుల అవతల పిలక లేస్తుంది. కూరగాయల మడి పక్కన మాత్రం పెట్టకండి, నేను మొదటి ఏడాది చేసిన తప్పు అదే, టమాటాల మధ్య నుంచి పిలకలు వచ్చాయి. కంచె పక్కన, ఎండ బాగా తగిలే మూల, ఒకవైపు లాన్ ఉండే చోటు మంచిది. లాన్‌లోకి వచ్చిన పిలకలు గడ్డితోపాటు కోతలో పోతాయి. అక్కర్లేనివి లేతగా ఉన్నప్పుడే తుంచేయండి, ముందు ఆకు అడుగున గుడ్లు లేవని చూసుకుని.

కాడల నిండా పసుపు రంగు చిన్న పురుగులు. మందు కొట్టనా?

వద్దు. అది పేనుబంక. గన్నేరుకు పట్టేదే, మన జిల్లేడు కొసల మీద కనిపించేది కూడా ఇదే. మొక్కను చంపదు. దాన్ని చంపే ఏ మందైనా మోనార్క్ గుడ్లనూ పిల్లలనూ వదలదు, వేపనూనె అయినా, సబ్బునీళ్లయినా సరే. మరీ ఎక్కువైతే ముందు మోనార్క్ గుడ్లు, పురుగులు ఉన్నాయేమో చూసి, అవి లేని కాడల మీద మాత్రం పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి. లేదా రెండు వారాలు ఓపిక పట్టండి, అక్షింతల పురుగులు వస్తాయి. అయితే అక్షింతల పురుగులు మోనార్క్ గుడ్లను కూడా తింటాయి. ఇక్కడ ఎవరి ఆకలి వారిది, మనం తీర్పరులం కాలేం.

ఎర్ర పురుగులు, నూగు పురుగులు కూడా ఉన్నాయి. అవి శత్రువులా?

అవి కూడా ఈ మొక్కనే నమ్ముకున్నవి. నల్లచుక్కల ఎర్ర పెంకు పురుగు మిల్క్‌వీడ్ బీటిల్. దాని మీసం కంటి మధ్యలోంచి మొలుస్తుంది, అందుకే నాలుగు కళ్లున్నట్టు ఉంటుంది, శాస్త్రీయ నామంలోనూ అదే అర్థం. పట్టుకుంటే సన్నగా కీచుమంటుంది. నలుపు, నారింజ నల్లులు కాయల్లోని గింజల రసం పీలుస్తాయి. నలుపు, తెలుపు, నారింజ కుచ్చులతో గుంపుగా ఉండేవి టస్సాక్ మాత్ పిల్లలు. అవి రెండు రోజుల్లో ఒక కాడను ఈనెలు మిగిల్చి తినేస్తాయి. పూల తేనెకు వచ్చే తేనెటీగలు, బంబుల్ బీలు, రాత్రి వచ్చే మాత్‌లు వేరే లెక్క. ఒక్క మొక్క చుట్టూ ఇంతమంది ఉన్నారని తెలిశాక నేను ఎవరినీ ఏరిపారేయడం మానేశాను.

పూలు బోలెడు పూశాయి, కాయ ఒక్కటీ లేదు. ఎందుకు?

రెండు కారణాలు. ఈ పూలలో పుప్పొడి పొడిగా రాలదు. చిన్న సంచుల జతగా ఉంటుంది. తేనె కోసం వాలిన కీటకం కాలు పూవు పక్కనున్న చీలికలో జారినప్పుడు ఆ జత కాలికి తగులుకుని ఊడి వస్తుంది. మరో పూవులో సరిగ్గా చీలికలోకి దిగితేనే పని జరుగుతుంది. బలం చాలని చిన్న ఈగలు ఒక్కోసారి అక్కడే ఇరుక్కుని చనిపోతాయి. కాబట్టి వందల పూలకు నాలుగైదు కాయలు రావడం మామూలే.

రెండోది, ఈ మొక్క తన పుప్పొడితో తాను కాయదు. మీ పెరట్లో పది కాడలున్నా అవన్నీ ఒకే వేరు పిలకలైతే ఒక్క మొక్క కిందే లెక్క. వేరే చోటి నుంచి వచ్చిన గింజలతో ఇంకో రెండు మొక్కలు పెంచండి.

ఇంట్లో చిన్నపిల్లలు, కుక్క ఉన్నారు. ప్రమాదమా?

ముట్టుకుంటే సాధారణంగా ఏమీ కాదు. పాలు కంట్లో పడకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే కళ్లు పోతాయని మన అమ్మమ్మలు అరిచింది ఊరికే కాదు. రెండింటి పాలూ కంటి ముందుండే పారదర్శక పొర (కార్నియా) లోపలి వైపును దెబ్బతీస్తాయి. మొదట నొప్పి లేకపోయినా కాసేపటికి చూపు మసకబారుతుంది. ఆకులు తుంచాక చేతులు సబ్బుతో కడగండి, ఆ చేతులతో కాంటాక్ట్ లెన్సులు ముట్టొద్దు. పడితే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

కుక్కలు దీని చేదుకు సాధారణంగా తినవు. ఆకులు నమిలే అలవాటున్న కుక్కపిల్ల ఉంటే చిన్న కంచె కట్టండి. గుర్రాలు, మేకలు, గొర్రెలు ఉన్నవాళ్లు ఎండుగడ్డిలో ఇది కలవకుండా చూడాలి, ఎండినా విషం పోదు.

లేత కాయలు వండుకుంటారని విన్నాను.

ఇక్కడి మూలవాసులు లేత మొలకలు, మొగ్గలు, లేత కాయలు ఉడికించి తినేవారు. ఏ దశలో కోయాలో, ఎలా ఉడికించాలో తరాలుగా తెలిసినవాళ్లు వాళ్లు. డాగ్‌బేన్ మొలకతో పొరబడితే ప్రాణం మీదికొస్తుంది. గోంగూర, చుక్కకూర పెరట్లో పెంచుకోగలిగినప్పుడు దీని జోలికి పోవద్దని నా మాట.

పురుగుల్ని ఇంట్లోకి తెచ్చి డబ్బాల్లో పెంచితే ఎక్కువ బతుకుతాయి కదా?

పిల్లలకు చూపించడానికి ఏడాదికి రెండు మూడు పెంచండి. గూడు బంగారు చుక్కలతో పచ్చగా వేలాడటం, చివరి రోజు అద్దంలా మారి లోపలి నారింజ రెక్కలు కనిపించడం ఏ పిల్లయినా చూడాల్సిందే. వందల్లో మాత్రం వద్దు. ఇరుకు డబ్బాల్లో రోగం ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది. లోపల పెరిగిన మోనార్క్‌లు కొన్ని దక్షిణ దిక్కు పట్టుకోలేకపోయాయని పరిశోధనల్లో తేలింది. బయట చాలా పురుగులు చనిపోవడం నిజమే. దానికి మందు ఇంకో పది కాడలు.

అసోసియేషన్ వాళ్లు పీకేయమన్నారు. ఏం చేయాలి?

నాకూ ఒకసారి ఉత్తరం వచ్చింది. కోపంతో జవాబు రాయకండి. వాళ్లకు మొక్క మీద పగ లేదు, చూసుకోకుండా వదిలేసినట్టు కనిపించడమే వాళ్ల అభ్యంతరం. నేను మొక్కల చుట్టూ ఇటుకల అంచు కట్టాను, ముందు వరసలో పొట్టి పూలమొక్కలు పెట్టాను, కేన్సస్ యూనివర్సిటీలోని మోనార్క్ వాచ్ అనే సంస్థ ఇచ్చే 'వేస్టేషన్' (మోనార్క్‌ల మజిలీ) బోర్డు తెప్పించి నాటాను. తర్వాత మీటింగ్‌కి ఫోటోలు తీసుకెళ్లాను. మళ్లీ ఉత్తరం రాలేదు. మీ రాష్ట్ర చట్టం కూడా చూడండి. మేరీల్యాండ్ 2021లో చేసిన చట్టం ప్రకారం ఇలాంటి తోటల మీద అసోసియేషన్లు అర్థం లేని ఆంక్షలు పెట్టకూడదు.

మిల్క్‌వీడ్ ఒక్కటి పెడితే చాలా?

చాలదు. అది పిల్లలకు మేత. సెప్టెంబరులో మెక్సికో బయలుదేరే పెద్దలకు తేనె కావాలి, అప్పటికి మిల్క్‌వీడ్ పూలు అయిపోతాయి. న్యూ ఇంగ్లండ్ ఆస్టర్, గోల్డెన్‌రాడ్, బ్లేజింగ్ స్టార్ పెట్టండి. గోల్డెన్‌రాడ్ వల్ల తుమ్ములొస్తాయని భయపడతారు, ఆ తుమ్ములు అదే సమయంలో పూసే రాగ్‌వీడ్ వల్ల.

దూదితో ఏమైనా చేయొచ్చా?

చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో జావా ద్వీపం జపాన్ చేతికి వెళ్లడంతో లైఫ్ జాకెట్లలో నింపే తెల్లబూరుగు దూది అమెరికాకు ఆగిపోయింది. మిల్క్‌వీడ్ దూది పోగులు లోపల బోలుగా, పైన మైనం పూతతో ఉంటాయి, నీళ్లలో మునగవు. 1944లో స్కూలు పిల్లల్ని పొలాల గట్లకు పంపి సంచులకొద్దీ కాయలు ఏరించారు. "రెండు సంచులు ఒక ప్రాణం" అన్నది అప్పటి నినాదం. మిషిగన్‌లోని పెటోస్కీలో దూది తీసే మిల్లు పెట్టారు. జిల్లేడు దూదితో దిండ్లు కుట్టిన మన ఊళ్లవాళ్లకు ఈ సంగతి చెబితే వెంటనే అర్థమవుతుంది.

ఇండియాకి గింజలు తీసుకెళ్లనా? యూరప్‌లో ఉన్న మా తమ్ముడికి పంపనా?

రెండూ వద్దు. క్వారంటైన్ అనుమతి లేకుండా విత్తనాలు దేశం దాటించడం నేరం. పైగా అక్కడ అవసరం లేదు. మెక్సికో వెళ్లే మోనార్క్ వలస మన దేశంలో లేదు, మన ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు ఉంది. ఊళ్లో ఖాళీ స్థలం మూలన ఉన్న జిల్లేడును కొట్టించకండి, అది చాలు. ఇక యూరప్‌లో ఇది నిజంగానే దండయాత్ర చేసే మొక్క. 2017లో యూరోపియన్ యూనియన్ దీన్ని హానికర పరాయి జాతుల జాబితాలో చేర్చింది, అక్కడ పెంచడం, అమ్మడం నిషేధం.

గింజలు ఎప్పుడు కోయాలి?

సెప్టెంబరు చివర, అక్టోబరులో. కాయ అతుకు మీద మెల్లగా నొక్కండి. తనంతట తాను విచ్చుకుని లోపల గింజలు గోధుమ రంగులో ఉంటే కోతకొచ్చినట్టు, తెల్లగా ఉంటే ఇంకా ఆగాలి. దూది విడిపోకముందే కాయ విప్పి, మధ్యనున్న కాడను కొస దగ్గర గట్టిగా పట్టుకుని గింజల్ని వేలితో దువ్వితే దూది చేతిలో, గింజలు పళ్లెంలో. నీడన ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టండి, ప్లాస్టిక్ అయితే బూజు పడుతుంది.

చలికాలంలో ఎండిన కాడల్ని ఏం చేయాలి?

ఏప్రిల్ దాకా అలాగే ఉంచండి. కాడ తొక్కలో గట్టి నార ఉంటుంది, మూలవాసులు దానితో తాళ్లు పేనేవారు. వసంతంలో ఓరియోల్ పిట్టలు ఆ నారను ముక్కుతో లాగి గూళ్లు అల్లుకుంటాయి. మిల్క్‌వీడ్ అన్నిటికంటే ఆలస్యంగా లేస్తుంది, మా దగ్గర మే నెల వచ్చేదాకా జాడ ఉండదు, చచ్చిపోయిందనుకుని ఆ చోట తవ్వేయకుండా గుర్తుగా ఒక పుల్ల పాతిపెట్టండి.